ఓళిగలు తట్టే చీనా బల్ల

మదరాసు,
4-3-1979

పూజ్యురాలైన అత్తకు,

కృష్ణమూర్తి వేయి నమస్కారాలు. మెస్సులో సాంబారు తప్ప ఇక్కడ అన్నీ క్షేమమే.

మన జ్ఞానాంబ పెళ్ళి ఫోటోను మొన్న అంగడికి తీసుకెళ్ళి అందరికీ చూపించాను. మా అంగడి యజమాని, ముదలాళి కుప్పయ్యగారు భూతద్దం తెప్పించుకుని మరీ పావుగంట సేపు చూశారు. నీ కూతురు పెళ్ళి ఫోటో కదా, పెళ్ళికూతురిని చూస్తున్నారనుకోకు. పెళ్ళికొడుకును కూడా కాదు. మూలన నువ్వు ఓళిగలు తట్టే రాతిబల్లను చూశారు. నీ మోచెయ్యి అడ్డం వచ్చిందని బాధపడ్డారు కూడా.

అది చీనా బల్ల అట అత్తా. రెండు వందల ఏళ్ళ నాటిదట. చెక్క బాగా చేవదేరిన నల్లచెక్క, ఒక్క మేకు లేకుండా ఒకదానిలో ఒకటి దూర్చి బిగించింది. పైనున్న రాయి ఇంకా గొప్పది. చీనాలో ఏదో కొండరాయిని పలకలుగా కోస్తే లోపల కొండలు, మబ్బులు, ఏళ్ళు ఎవరో గీసినట్టు వాటంతట అవే కనిపిస్తాయట. ఆ బొమ్మల కోసమే గొప్పవాళ్ళు ఆ రాళ్ళను బల్లలకు బిగించుకునేవాళ్ళట. మనం మాత్రం దాని మీద ఇన్నేళ్ళూ పిండి పిసికాం.

పాత సామాన్లు కొని అమ్మడంలో మా ముదలాళికి మదరాసులో మంచి పేరు. ఆయనే స్వయంగా శ్రీకాళహస్తికి వచ్చి చూస్తానన్నారు. వాళ్ళమ్మాయి దేవకి కూడా వస్తుంది. అంగడికి వచ్చే ఉత్తరాలన్నీ విప్పి జవాబులు రాసేది ఆ అమ్మాయే. మీ మామగారు రంగూన్ నుంచి ఆ బల్లను ఎప్పుడు తెచ్చారు, ఇంట్లో ఎవరెవరు ఉన్నారు, ఎట్లా చూసుకున్నారు, అన్నీ కనుక్కోమన్నారు. వాళ్ళకు నచ్చితే నన్ను ఈ అంగడికే మేనేజరును చేస్తారు. నచ్చకపోతే సేలం గోడౌనుకు పంపుతారు. సేలంలో చెదపురుగులు తప్ప నాకు ఎవరూ లేరు. నా బతుకు నీ చేతిలో ఉంది. ఊళ్ళో ఎవరికీ చెప్పొద్దు.

నీ మేనల్లుడు,
కృష్ణమూర్తి

తా.క.: దేవకికి తీపి అంటే ఇష్టం. ఇది బల్లకు సంబంధించిన విషయం కాదు, ఊరికే రాశాను.

*

శ్రీకాళహస్తి,
9-3-1979

చిరంజీవి కృష్ణమూర్తిని మేనత్త పంకజాక్షి దీవించి రాసేది ఏమంటే,

నీ ఉత్తరం చేరింది. చదివిన వెంటనే నాకు అంతా అర్థమైంది. బల్ల చూడటానికి మదరాసు నుంచి ఒక పెద్దమనిషి, వయసొచ్చిన కూతురిని వెంటబెట్టుకుని వస్తాడా? ఈ ఊళ్ళో ఎవరు మాత్రం పెళ్ళిచూపులని చెప్పి పెళ్ళిచూపులకు వస్తారు? జ్ఞానాంబను చూడటానికి వచ్చినవాళ్ళు సర్పదోషం పూజకని చెప్పి వచ్చారు. అంతకుముందు వచ్చి వద్దనుకున్నవాళ్ళు కలంకారీ దుప్పటి కొనడానికని వచ్చి, పాపం, నిజంగానే ఒకటి కొనుక్కుని పోయారు. కుదరకపోతే ఎవరికీ తలవంపులు ఉండకూడదని అట్లా చేస్తారు. మీ ముదలాళి మర్యాద తెలిసిన మనిషి. సరే, నేను కూడా బల్లే అంటాను.

ఊళ్ళో ఎవరికీ చెప్పొద్దన్నావు కాబట్టి పక్కింటి వరదమ్మకు, ఎదురింటి కలంకారీ గంగులప్పకు తప్ప ఎవరికీ చెప్పలేదు. మిగతావాళ్ళకు వరదమ్మ చెప్పింది.

బల్లను చింతపండు పెట్టి తోమించాను. నలభై ఏళ్ళ నూనె జిడ్డు పోయాక నిజంగానే కొండలు బయటపడ్డాయి. వరదమ్మ చూసి, “ఇది తిరుమల కొండే గదక్కా. ఇదో ఘాట్ రోడ్డు. ఈడ బస్సు మలుపు తిరుగుతాది, నాకు వాంతులయ్యేది ఈడనే” అని వేలు పెట్టి చూపించింది. గంగులప్ప కూడా వచ్చాడు. వాళ్ళు గుడ్డ మీద బొమ్మ వేసే ముందు కాల్చిన చింతపుల్లతో గీసుకుంటారు కదా, ఆ బొగ్గుపుల్ల చెవి మీద పెట్టుకునే వచ్చాడు. చేయి ఊరుకోక మా గోడ మీద ఒక తేలును గీశాడు. నీడతో సహా గీస్తాడు మహానుభావుడు. వరదమ్మ దాన్ని చెప్పుతో మూడు దెబ్బలు కొట్టింది. తర్వాత అతనే తడిగుడ్డతో తుడిచేశాడు.

వాళ్ళు ఏం కోరుతున్నారో ముందే కనుక్కో. పీటల మీద కూర్చున్నాక మాటలు రాకూడదు.

ఇట్లు,
నీ మేలు కోరే అత్త

తా.క.: పిల్ల ఎత్తు ఎంత? బల్ల కన్నా ఎత్తేనా?

*

మదరాసు,
13-3-1979

అత్తకు నమస్కరించి, పరుగున పోస్టాఫీసుకు వచ్చి రాస్తున్నాను.

చింతపండుతో తోమావని ముదలాళికి చెబితే ఆయన కుర్చీలో కూలబడ్డారు. ఆ కుర్చీ కూడా పాతదే, దాని చెయ్యి విరిగింది. దయచేసి ఇక దాన్ని తోమొద్దు, రంగు వెయ్యొద్దు, కాళ్ళు సరిచెయ్యొద్దు. ఉన్నది ఉన్నట్టు ఉంచు. ఎంత పాతగా కనిపిస్తే ఆయనకు అంత సంతోషం.

వాళ్ళు ఏం కోరుతున్నారని అడిగావు. వాళ్ళకు కావలసింది బల్ల ఒక్కటే. ఇంకేమీ అక్కర్లేదు. కానీ బల్ల మాత్రం మదరాసుకు పంపాల్సిందే. దాని మీద ముదలాళి పట్టుదలగా ఉన్నారు. ఇప్పటికే తన ఇంటి ముందుగదిలో దానికోసం చోటు కూడా కొలిచి పెట్టుకున్నారు.

పిల్ల ఎత్తు ఎందుకు అడిగావో అర్థం కాలేదు. నా భుజం దాకా వస్తుంది.

కృష్ణమూర్తి

తా.క.: ఎడమ భుజం.

*

శ్రీకాళహస్తి,
18-3-1979

చిరంజీవి కృష్ణమూర్తికి దీవెనలు. నాకు మాత్రం ఒళ్ళు మండుతోంది.

పిల్లనిచ్చేవాడు మగపెళ్ళివారి దగ్గర బల్ల అడగడం నేను పుట్టి ఇన్నేళ్ళలో వినలేదు. వరదమ్మకు చెబితే, “కాలం తిరగబడిందక్కా, ఇంగ మన మొగపిల్లోళ్ళను పట్టుచీర కట్టి కూసోబెట్టాల్సిందే” అంది. రెండు రోజులు ఆ పరాచికాలతోనే గడిచింది.

కానీ ఒక మాట చెబుతాను విను. నాకు ఆ రాయి బల్ల కాదు, నా చెయ్యి. కత్తెర ఎండల్లో కూడా చల్లగా ఉంటుంది. నూనె రాసి ముద్ద పెట్టి తడితే పూర్ణం ఒక్కచోట బయటికి రాకుండా తమలపాకంత పలచగా సాగుతుంది. ఇంకే పలక మీద తట్టినా అది ఓళిగ కాదు, తీపి చపాతీ. ఆయన పోయాక నేను నిలబడింది ఆ రాయి పక్కనే. ఈ ఊళ్ళో పెళ్ళి పెట్టుకుంటే, నాకు ఆ రోజు తీరిక ఉందో లేదో కనుక్కున్నాకే సత్రం మాట్లాడుకుంటారు. అటువంటి రాయిని అడిగాడు మీ ముదలాళి.

అయినా ఇస్తాను. మా అన్న పోతూ పోతూ నిన్ను నా ఒళ్ళో పెట్టి పోయాడు. నువ్వు ఒక ఇంటివాడివి కావడం కన్నా నాకు రాయి ఎక్కువ కాదు. ఏడుపు మాత్రం వచ్చింది, వచ్చిందని చెబుతున్నాను.

ఇంత దూరం వచ్చాక ముసుగులో మాటలెందుకని మీ ముదలాళికే అంగడి చిరునామాకు ఒక కార్డు రాసి పడేశాను. జాతకం పంపమన్నాను.

ఇట్లు,
పంకజాక్షి

తా.క.: కార్డులో చోటు మిగిలితే నీకు చిన్నప్పుడు తట్టు పోసిన సంగతి కూడా రాశాను. దాచిపెట్టారని తర్వాత అనకూడదు.

*

మదరాసు,
22-3-1979

అత్తా, నమస్కారం. నిలబడి ఉంటే కూర్చుని చదువు.

నీ కార్డు వచ్చింది. దాన్ని పోస్టుమాను చదివాడు, గుమాస్తా చదివాడు, ఎదురంగడి గడియారాల మెకానిక్కు తెలుగు రాకపోయినా చదివించుకున్నాడు. చివరికి దేవకి చదివింది. దేవకి రెండుసార్లు చదివి, “మీ యత్త చేతివ్రాత బాగుండాది” అంది. అంతే. ముదలాళికి ఇవ్వకుండా ఒక ఫైలులో పెట్టింది. ఆమె భోజనానికి వెళ్ళినప్పుడు ఆ ఫైలు చూశాను. పైన ‘జవాబు ఇవ్వవలసినవి’ అని ఉంది. నాకు అన్నం సయించలేదు.

అత్తా, ఇది పెళ్ళిచూపులు కాదు. ఒట్టు. ఆయన పాత సామాన్ల వ్యాపారి, వస్తున్నది కొనడానికి. దేవకి వస్తున్నది వివరాలు రాసుకోవడానికి. దేవకికీ నాకూ ఏ సంబంధమూ లేదు. దేవకి పది గంటలకు వస్తుంది, నేను తొమ్మిదిన్నరకే వస్తాను, అది దుమ్ము దులపడానికి మాత్రమే. దేవకి రోజుకు నాతో నాలుగు మాటలు మాట్లాడుతుంది, అవి కూడా కుర్చీల గురించే. నిన్న అయిదు మాట్లాడింది. దేవకికి వాళ్ళ నాయన మదరాసులోనే సొంత అంగడి ఉన్న సంబంధం చూస్తున్నారు. కుర్చీలు తుడిచేవాడిని ఎవరు అడుగుతారు? మేనేజరైతే ఇక్కడే ఉండి కనీసం రోజూ చూడొచ్చు, అంటే కుర్చీలను చూడొచ్చు, అని నా ఆశ.

ఏప్రిల్ 6, శుక్రవారం వాళ్ళిద్దరూ కారులో వస్తున్నారు. అంగడి చూసుకోవాలి కాబట్టి నేను రాలేను. నువ్వు నోరు తెరవకుండా ఉంటే చాలు. మన వాళ్ళే, నగరి వైపు వాళ్ళే అన్న మాట నిజమే కానీ, ఆ మాట కూడా ఎత్తొద్దు.

కృష్ణమూర్తి

తా.క.: నాకు తట్టు పోసిన మచ్చలు కనపడవని దేవకి అంది. అయిదో మాట అదే.

*

శ్రీకాళహస్తి,
31-3-1979

చిరంజీవి కృష్ణమూర్తికి,

అత్త తప్పు ఒప్పుకుని రాసే ఉత్తరం ఇది, దాచుకో, మళ్ళీ రాదు. నాకు బుద్ధొచ్చింది. అది అమ్మకమే. చదువుకున్న వాడివి, నువ్వు చెప్పిందే నిజం. కొన్న తాంబూలం పళ్ళెం వరదమ్మకు ఇచ్చేశాను. సన్నాయి వాళ్ళను వద్దన్నాను. వాళ్ళు వచ్చి చూస్తారు, నేను మూగదానిలా కూర్చుంటాను. ఉగాదికి తెచ్చిన బెల్లం మిగిలింది కాబట్టి నాలుగు ఓళిగలు మాత్రం పెడతాను. శుక్రవారం పూట ఇంటికి వచ్చిన మనిషిని ఉత్త నోటితో పంపలేను.

నువ్వు బెంగ పెట్టుకోకు. వేళకు తిను.

ఇట్లు,
నోరు మూసుకున్న అత్త

తా.క.: మన ఇంట్లోంచి బయటికి పోయే వస్తువును పేరు లేకుండా ఎప్పుడైనా పంపానా? జ్ఞానాంబకు స్టీలు గరిటె ఇచ్చినా పేర్లు, తేదీ కొట్టించే ఇచ్చాను. అందుకని మనిషిని పిలిపించి రాతిమీద పేర్లు వేయించేశాను. కొండల పైన మబ్బుల దగ్గర బోలెడంత చోటు ఖాళీగా పడి ఉంది.

*

తంతి
మదరాసు, 6-4-1979

రాతిని తాకవద్దు. ఎవరి పేర్లు? కారు బయల్దేరింది. కృష్ణమూర్తి.

*

మదరాసు,
11-4-1979

అత్తా,

నమస్కారం ముందు పెట్టాలో ఏడుపు ముందు పెట్టాలో తెలియడం లేదు. నవ్వు కూడా వస్తోంది.

ముదలాళి శుక్రవారం సాయంత్రం తిరిగి వచ్చారు. రెండు రోజులు రాగిజావ తప్ప ఏమీ ముట్టలేదు. దేవకి తల వంచుకుని ఉత్తరాలు విప్పుకుంటూ కూర్చుంది. నాలుగు మాటలు కూడా లేవు. నేను సేలానికి ట్రంకు పెట్టె సర్దుకున్నాను. సోమవారం ఆయన నన్ను పిలిచారు.

“ఏమప్పా కృష్ణమూర్తీ” అన్నారు. “రెండునూర్ల ఏండ్ల రాయి. చీనాలో పగల్లేదు, ఓడలో పగల్లేదు, యుద్ధమప్పుడు రంగూన్నించి పారొచ్చేటప్పుడు కూడా పగల్లేదు. మీ యత్త చేతికి చిక్కింది. సగం మేఘంలో నీ పేరు, సగం మేఘంలో నా కూతురు పేరు, నడాన శుభమస్తు. బెత్తెడు లోతున చెక్కించి పెట్టింది.”

నేను ఆయన కాళ్ళ మీద పడబోయాను. ఆయన చెయ్యెత్తి ఆపారు.

“విను. అమ్ముదామంటే నా కూతురు పేరుండే రాయిని ఎవురు కొంటారు? ఆడనే వదిలేద్దామంటే, నా కూతురు పేరు ఒగ మొగోడి పేరు పక్కన ఎవురింట్లోనో పడుంటాదా? కన్నోణ్ణి, నేనెట్ల ఊరుకుండేది? పోనీలే అని మరిచిపోదామంటే ఆ కొండలు కండ్లు మూస్తే చాలు కనపడతా ఉండాయి. అట్లాంటి రాయి నా జన్మలో మళ్ళా దొరకదు. ఆ బల్ల నా ఇంటి మనుషుల్దే కావల్ల. దానికుండేది ఒగటే దారి. నీ జాతకం తీసుకరాపో.”

సేలానికి గుమాస్తాను పంపుతున్నారు. నన్ను మేనేజరును చేశారు. మే నెలలో లగ్నం చూడమన్నారు. నాకు నిద్ర లేదు, ఆకలి లేదు, అద్దం ముందు నిలబడితే అందంగా కూడా కనిపిస్తున్నాను.

కానీ అత్తా, నా సంతోషంలో ఒక ముల్లు ఉంది. నా కోసం నీ రాయి పాడైంది. అంత లోతున అక్షరాలు ఉంటే దాని మీద ఓళిగ ఎట్లా తడతావు? తట్టిన ప్రతి ఓళిగ మీదా మా పేర్లు అచ్చు పడతాయి. నీ చెయ్యి అన్నావు దాన్ని. నీ చెయ్యి నేనే విరిచినట్టు ఉంది. నన్ను క్షమించు.

కృష్ణమూర్తి

తా.క.: ముదలాళి ఆ రోజు ఏడు ఓళిగలు తిన్నారట. దుఃఖంలో తిన్నాను, లెక్కలోకి రాదు అంటున్నారు.

*

శ్రీకాళహస్తి,
2-5-1979

చిరంజీవి కృష్ణమూర్తికి, చిరంజీవి సౌభాగ్యవతి కాబోయే దేవకికి అత్త దీవెనలు.

లగ్నపత్రిక రాసుకోవడం అయింది కాబట్టి ఇప్పుడు చెబుతున్నాను. అంతకుముందు చెబితే నీ మొహం చూసి మీ మామ కనిపెట్టేస్తాడు.

మొదట నేను నిజంగానే పెళ్ళిచూపులనుకున్నాను. అందులో నాటకం లేదు. కాదు మొర్రో అని నువ్వు రాసిన ఉత్తరాన్ని వరదమ్మ, నేను కలిసి చదివాం. అందులో బల్ల పేరు ఒక్కసారి కూడా లేదు. ఆ పిల్ల పేరు మాత్రం వాక్యానికి ఒకటి ఉంది. వరదమ్మ కళ్ళజోడు తీసి, “అక్కా, ఈడు బల్ల కోసం ఏడవడంల్యా” అంది. ఆ రోజే నిర్ణయించుకున్నాను.

రాతిమీద ఉలి పడుతుందా నా కంఠంలో ప్రాణం ఉండగా? పేర్లు వేసింది గంగులప్ప. చింతపుల్ల బొగ్గుతో. తేలుకు నీడ గీసినట్టే ప్రతి అక్షరానికీ లోపల నీడ గీశాడు. రెండడుగుల దూరం నుంచి చూస్తే నాకే గుండె ఝల్లుమంది, నిజంగా చెక్కాడేమోనని.

మీ మామ భూతద్దం పట్టుకుని ఊడిపడ్డాడు. వంటింటి గడప దగ్గరే ఆపాను. మడి, స్నానం చేయకుండా లోపలికి రాకూడదు అన్నాను. ఆ మనిషి గడపలో నిలబడి మేఘాలు చూశాడు, పేర్లు చూశాడు, భూతద్దం చేతిలోంచి జారింది. భయపడకు, దాన్ని వరదమ్మ పట్టుకుంది.

నేను లెక్క వేయనిది ఒక్కటే. దేవకి పెరట్లోకి పోయి కాళ్ళు చేతులు కడుక్కుని, “నేను స్నానం చేసే వచ్చినానత్తా” అంటూ నేరుగా లోపలికి వచ్చేసింది. అత్తా అంది, గమనించు. బల్ల మీదికి వంగి తన పేరు మీద వేలు పెట్టింది. వేలు ఎత్తి చూసుకుంది. నల్లగా ఉంది. నా వైపు చూసింది. నా పని అయిపోయిందనుకున్నాను. సేలం, చెదపురుగులు, నువ్వు, అన్నీ కళ్ళముందు తిరిగాయి.

గడపలోంచి మీ మామ, “ఎంత లోతుండాదమ్మా?” అని ఏడుపు గొంతుతో అడిగాడు.

ఆ పిల్ల వేలును కొంగు చాటున తుడుచుకుని, “బాగా లోతు నాయనా. ఇంగ పొయ్యేది కాదు” అంది.

నాకు నీ సంబంధం అప్పుడే ఖాయమైంది. జాతకాలు తర్వాత మీ మగవాళ్ళు చూసుకున్నారు. వెళ్ళేటప్పుడు ఆ పిల్ల నా చేతిలో ఒక కార్డు పెట్టింది. నేను రాసిన కార్డే. వెనక ‘జవాబు: సరే’ అని గుండ్రంగా రాసి ఉంది.

నా రాయి గురించి బాధపడకు. బల్ల ఎప్పుడు పంపుతారని మీ మామ రెండు ఉత్తరాలు రాశాడు. నా మణికట్టు ఆడినంత కాలం అది ఇక్కడే ఉంటుంది, ఆ తర్వాత మీదే అని జవాబు రాశాను. చూడాలనిపిస్తే నెలకొకసారి రమ్మన్నాను. ఈసారి స్నానం చేసి రమ్మను.

ఇట్లు,
నీ అత్త, పంకజాక్షి

తా.క.: ఇన్నాళ్ళూ పేర్లు లేని కింది సగం మీదే తట్టాను. నీ పెళ్ళి ఓళిగలకు రాయంతా కావాలి కాబట్టి నిన్న తడిగుడ్డ పెట్టి పేర్లు తుడిచాను. తుడవబుద్ధి కాక గంట సేపు చూస్తూ కూర్చున్నాను. అందుకే సరిగా తుడవలేదేమో, మొదట తట్టిన ఓళిగకు ‘దే’ అక్షరం నల్లగా అంటుకుంది. దాన్ని విడిగా పొట్లం కట్టి పంపుతున్నాను. మీ మామకు పెట్టు, భూతద్దం దాచిపెట్టి.